నోట్‌ప్యాడ్ నాటి చదువు

వెబ్ డిజైనింగ్ అనే పేపరు ఇప్పుడు డిగ్రీ పిల్లలకి ఎలా చెబుతున్నారో ఏదైనా కాలేజీ ల్యాబ్ కిటికీలోంచి ఓసారి తొంగి చూడండి. మొదటి రోజే పిల్లవాడి చేత ఏదో ఫ్రేమ్‌వర్కు దింపిస్తారు. దిగాక ఫోల్డరు తెరిస్తే వేలకొద్దీ ఫైళ్ళు. వాడింకా ఒక్క అక్షరం రాయలేదు! కట్టబోయేది ఒక్క పేజీ బయోడేటా. ఆవకాయ జాడీ తేవడానికి లారీ మాట్లాడుకున్నట్టుంది ఈ వ్యవహారం. రెండో వారానికి టెంప్లేటు, నాలుగో వారానికి ‘నెట్‌ఫ్లిక్స్ క్లోన్’. సెమిస్టరు ముగిసేసరికి వాడి చేతిలో నల్లరంగు పేజీ ఒకటి ఉంటుంది. అందులో సినిమాలుండవు, నొక్కితే ఏదీ ఆడదు. మార్కులు మాత్రం తొంభై పైమాటే.

మా రోజుల్లో అని నేను మొదలెట్టగానే మా ఇంట్లోవాళ్ళు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు. మీరు కాస్త కూర్చోండి.

కృష్ణా జిల్లాలో ఓ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. నేను చెప్పేది 1998, 99 నాటి సంగతి. హైదరాబాదులో సైబర్ టవర్స్ అప్పుడే లేచింది. 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వై2కె పేరు చెప్పి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల పోస్టర్లతో నిండిపోయాయి. ఆ గాలి మా ఊరిదాకా వచ్చి బీకాం పక్కన కంప్యూటర్స్ అన్న మాట చేరింది. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది మా ల్యాబ్ ఒక్కటే, ప్రిన్సిపాల్‌గారికి కూడా ఫ్యానే గతి. చెప్పులు బయట విడవాలి. మానిటర్లకి గుడ్డ తొడుగులు. ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చునేవాళ్ళు. ఒకడు టైపు చేస్తాడు, ఒకడు చెబుతాడు, ఇంకొకడు తప్పులు పడతాడు. ముగ్గురిలో ఎక్కువ నేర్చుకున్నది ఆ తప్పులు పట్టేవాడే అని నా అనుభవం. కరెంటు పోగానే యూపీఎస్‌లన్నీ ఒక్కసారి కీచుమనేవి. రాసింది ఫ్లాపీలోకి ఎక్కించుకోడానికి ఆ కాసేపే వ్యవధి.

ఇక అసలు చిత్రం. వెబ్ లేకుండానే మేం వెబ్ డిజైనింగ్ చెప్పాం. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. అదీ ముందు మహానగరాలకే. మా కాలేజీకి వచ్చేసరికి ఒక్క కనెక్షను, అది ఆఫీసు గదిలో, ఫీజుల గుమాస్తా బల్ల మీద. మోడెమ్ కీచుకీచుమని కూసి కూసి లైను కలిసేది. కలిసిందిరా అనుకునేలోపు పక్కగదిలో ఎవరో ఎక్స్‌టెన్షను ఎత్తి ‘హలో’ అనేవారు. అంతే, తెగిపోయేది. అందుకని పిల్లలు రాసిన పేజీలన్నీ ఫ్లాపీలోంచే బ్రౌజర్లో తెరుచుకునేవి. అది ప్రపంచమంతా చూసే పేజీ అని నేను చెప్పడం, వాళ్ళు నమ్మడం, అంతే.

నమ్మారండీ. అదే నేను చెప్పొచ్చేది. పేజీకి అవతల ఎవరో ఉన్నారని నమ్మారు.

రాసేది నోట్‌ప్యాడ్‌లో. అందులో రంగులు పులిమి చూపించడాలు, సగం మాట కొట్టగానే మిగతా సగం పూరించడాలు ఏమీ ఉండవు. తెల్ల కాగితం, నల్ల అక్షరం. తెరిచిన ట్యాగు మూయకపోతే పేజీ చివరిదాకా అక్షరాలన్నీ బొద్దుగా మారిపోయేవి, లేదా టేబుల్ మొత్తం మాయమైపోయేది. ఎక్కడ పోయిందో వెతుక్కోవాలి. నేను మొట్టమొదట ఇచ్చే అభ్యాసం, వాళ్ళ క్లాసు టైం టేబుల్‌ని పేజీగా చెయ్యమని. ఆరు పీరియడ్లు, ఆరు రోజులు, మధ్యలో లంచ్. ఆ లంచ్ గడి ఉంది చూశారూ, సోమవారం నుంచి శనివారం దాకా నిలువునా ఒకటే గడిగా రావాలి. రోస్పాన్ వెయ్యాలి. వేశాక కింది వరసల్లో ఆ గడి మళ్ళీ రాయకూడదు. అది తట్టక పిల్లలు తలలు పట్టుకునేవారు. శనివారం గడులన్నీ ఓ అడుగు కుడికి జరిగిపోయి కామర్స్ పీరియడు పేజీ బయటికెళ్ళి నిలబడేది. ఆ చిక్కు విప్పినవాడికి తరవాత ఏ టేబులూ భయం లేదు. తరవాత దాన్నంతా రికార్డు బుక్కులో చేత్తో రాయాలి, ఎడమవైపు కోడు, కుడివైపు పెన్సిలుతో పేజీ బొమ్మ. ఆ రికార్డు గోల ఇప్పటికీ అలాగే ఉందని విన్నాను. పాతికేళ్ళలో ఏదీ నిలవని ఈ విద్యలో అదొక్కటే నిలిచింది, సంతోషం.

రంగుల సంగతి చూడండి. అప్పటి మానిటర్లు చాలా మటుకు 256 రంగులే చూపేవి. అందులోనూ అన్ని కంప్యూటర్లలో చెదరకుండా ఒకేలా కనిపించేవి 216. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదానికీ ఆరు మెట్లు, ఆరు ఆర్లు ముప్పై ఆరు, ముప్పై ఆరు ఆర్లు 216. మా పిల్లలు ఆ లెక్క బోర్డు మీద చేసి చూపించేవారు. ఈ రోజు పిల్లవాణ్ణి అడగండి, తన పేజీ నీలానికి ఆ అంకె ఎందుకొచ్చిందో. ‘పికర్‌లో నొక్కాను’ అంటాడు.

అన్నిటికంటే ముఖ్యం బరువు. 56కె మోడెమ్ అంటే కాగితం మీద సెకనుకి 7 కిలోబైట్లు. మా ఊరి టెలిఫోను తీగెల మీద మూడు వస్తే గొప్ప. 30 కిలోబైట్ల బొమ్మ పెడితే అవతలివాడు పది సెకన్లు ఎదురుచూడాలి, ఆ పది సెకన్లూ వాడి ఫోను బిల్లు నడుస్తూంటుంది. నేను క్లాసులో ఒకడికి పేజీ చూపించమని, మిగతావాళ్ళ చేత పైకి అంకెలు లెక్కపెట్టించేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు... పదిహేను దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీలోంచి ‘నేను లేచి పోతున్నా సార్’ అని కేక. ఆ కేక విన్నవాడు బొమ్మ చిన్నది చెయ్యడం జన్మలో మరిచిపోడు.

ఇప్పుడు మామూలు పేజీ ఒకటి సగటున రెండు ఎంబీ పైనే ఉంటోంది. మా లైను మీద అది దిగడానికి పదకొండు నిమిషాలు పైన పట్టేది. మా చెల్లెలి మనవడు విజయవాడలో చదువుతున్నాడు. మొన్న సెలవులకొచ్చి తన పేజీ చూపించాడు. ఎంత బరువురా అంటే తెల్లమొహం వేశాడు. వాడి చేతే చూపించాను, ఆరు ఎంబీ. నాలుగు ఫ్లాపీలు నిండి ఇంకా మిగులుతుంది. అందులో చదవడానికి ఉన్నది వాడి పేరు, ఫోటో, ‘ప్యాషనేట్ డెవలపర్’ అన్న రెండు మాటలు.

‘రోజుకి ఒకటిన్నర జీబీ ఇస్తున్నారు కదా తాతయ్యా’ అన్నాడు.

ఇస్తున్నారు సరే, రాత్రి ఎనిమిదింటికల్లా అయిపోయాక నువ్వు ఏ మొహం పెట్టుకుని తిరుగుతావో నేను చూళ్ళేదా? ఘాటు రోడ్డులో బస్సులో కూర్చున్నవాడికి, పాత ఫోను మీద ఒక గీత సిగ్నల్ ఉన్నవాడికి ఈ పేజీ ఎప్పుడు దిగుతుంది? వాడికి ఆ ఆలోచనే రాలేదు. వాడి తప్పని కూడా అనను, వాడికి చెప్పినవాడు లేడు.

అంటే మా కాలంలో అంతా బంగారమేనని కాదు. మా పేజీల అందం గురించి మాట్లాడకపోవడం మర్యాద. నెట్‌స్కేప్‌లో మిణుకు మిణుకుమనే బ్లింకు ట్యాగు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో పరిగెత్తే మార్క్వీ. పిల్లలకి మార్క్వీ అంటే ప్రాణం. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ కుడి నుంచి ఎడమకి పాకుతూ ఉండేది, కింద ఇంకోటి ఎడమ నుంచి కుడికి. వెనకాల పూలపూల వాల్‌పేపరు. చూస్తే కళ్ళు తిరిగేవి. పేజీకి రంగులూ అమరికా చెప్పే సీఎస్‌ఎస్ అనేది 1996 డిసెంబరులోనే వచ్చినా, ఏ రెండు బ్రౌజర్లూ దాన్ని ఒక్కలా అర్థం చేసుకోక, పేజీలన్నీ టేబుల్లో టేబులు, దాన్లో ఇంకో టేబులు పెట్టి, మధ్యలో కంటికి కనిపించని జిఫ్ బొమ్మ దూర్చి కట్టేవాళ్ళం. ఇప్పుడు గ్రిడ్ అని, ఫ్లెక్స్‌బాక్స్ అని వచ్చాయి. అవి నేర్చుకున్నాను, బాగున్నాయి. నిజంగా బాగున్నాయి. 2010లో ఈథన్ మార్కాట్ అనే ఆయన ఒకే పేజీ ఫోనుకీ పెద్ద తెరకీ సర్దుకునే పద్ధతి గురించి రాశాడు, దాని విలువ కాదనేవాడెవడు? నా పేచీ పనిముట్లతో కాదు.

పేచీ ఏమిటంటే, పేజీలో ఏముంది అని అడిగేవాడు లేడు. మా కోర్సులో చివరి ప్రాజెక్టు ఎప్పుడూ ఒకటే, మీ ఊరి గురించి ఒక పేజీ చెయ్యండి అని. పెడన పిల్ల కలంకారీ గురించి రాసింది, అచ్చు దిమ్మెలు ఎలా చెక్కుతారో, బట్టని కరక్కాయ నీళ్ళలో ఎందుకు నానబెడతారో. ఘంటసాల కుర్రాడు వాళ్ళ ఊరి బౌద్ధ స్తూపం సంగతులు పెద్దవాళ్ళనడిగి రాసుకొచ్చాడు. కూచిపూడి నుంచి ఒకడొచ్చేవాడు, వాడి పని సులువు, పేరు చెబితే చాలు. కైకలూరు వాడు కొల్లేటి చేపల పేర్లన్నీ వరసపెట్టాడు, అన్‌ఆర్డర్డ్ లిస్టు అంటే ఏమిటో నేనంతకంటే బాగా ఎప్పుడూ చెప్పలేదు. ముందు కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు. ఏది శీర్షిక, ఏది ఉపశీర్షిక, ఏది పేరా అని ఎర్ర సిరాతో గీసేవాళ్ళం. ఆ తరవాతే కీబోర్డు. హెచ్‌టీఎంఎల్ అంటే అదే కదా మరి. 1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి పేజీ ఉంది చూడండి, ఒక శీర్షిక, కాసిని వాక్యాలు, లింకులు, అంతే. విండో ఎంత సన్నం చేసినా వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇప్పటి పిల్లల పేజీలో అంతా డివ్, అంటే లోపల ఏముందో చెప్పని ఉత్త డబ్బా. శీర్షిక డివ్, పేరా డివ్, బటనూ డివ్వే. అక్షరం పెద్దగా ఉంది కాబట్టి శీర్షికట! కంటితో చూసేవాడికి సరే. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటారే, వాళ్ళకి ఏది శీర్షికో ఏది అడుగున రాసిన చిల్లర సంగతో ఎలా తెలుస్తుంది? బొమ్మకి అందులో ఏముందో చెప్పే ఆల్ట్ మాట రాయాలని 1999లోనే రూలు రాసిపెట్టారు. మా వాడి పేజీలో తన ఫోటోకి ఆల్ట్ మాట ‘ఇమేజ్1’.

ఇక తెలుగు దగ్గరికొద్దాం. ఇక్కడే నాకు నిజంగా కడుపు మండేది.

ఆ రోజుల్లో వెబ్ మీద తెలుగు రాయడమంటే యజ్ఞం. అన్ని భాషల అక్షరాలకీ అంకెలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, మనకి 128 గడులు కేటాయించారు. కానీ కాగితం మీద చోటిస్తే సరిపోతుందా? మా కంప్యూటర్లకి ఆ సంగతి తెలియదు. ఒక్కో పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటు. అది దింపుకుంటేనే తెలుగు, లేకపోతే తెర నిండా గజిబిజి గుర్తులు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల అంకెలే, పైన వేసుకున్న వేషం తెలుగు. పిల్లలు డీటీపీ సెంటరుకి వెళ్ళి, బతిమాలి, పేజ్‌మేకర్‌లో తెలుగు కొట్టించి, దాన్ని జిఫ్ బొమ్మగా మార్చి ఫ్లాపీలో తెచ్చేవాళ్ళు. నాలుగు వాక్యాల కలంకారీ కథ 30 కిలోబైట్లు! పైన చెప్పాను కదా, పది సెకన్లు. అయినా తెచ్చారు. పెడన అన్న పేరు తెలుగులోనే కనపడాలని ఆ పిల్ల పట్టు.

తరవాత 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటు వెంటబెట్టుకుని వచ్చింది. అదీ వెంటనే పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, రీజినల్ సెట్టింగ్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టమంటే పెట్టి, మళ్ళీ స్టార్ట్ చేస్తే అప్పుడు ‘స్త్రీ’ అన్న మాట విరగకుండా వచ్చేది. తిరుమల కృష్ణదేశికాచారిగారు చేసిన పోతన ఫాంటు ఇంకో వరం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ లేఖిని వచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీద కొడుతుంటే తెర మీద తెలుగు పడేది. ఆ రోజు మా ల్యాబ్‌లో పండగ. క్లాసు అయిపోయినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడో? గూగుల్ ఫాంట్లలో రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, సూరన్న, పెద్దన, ధూర్జటి... భువన విజయం సగం అక్కడే ఉంది, దమ్మిడీ ఖర్చు లేదు. ఫోనులో తెలుగు కీబోర్డు ఉంది, మాట్లాడితే రాసి పెడుతుంది కూడా. ఇన్ని ఉండి, మా వాడి క్లాసులో ఒక్కడంటే ఒక్కడు తెలుగులో పేజీ చెయ్యలేదట. ఎందుకురా అంటే, ‘టెంప్లేటులో బాగోదు తాతయ్యా’ అన్నాడు.

వాడన్నది నిజమే, అదే నా బాధ. టెంప్లేటు చేసినవాడు నింపుడు మాటలకి అర్థం లేని లాటిన్ వేసుకుని కొలిచాడు. శీర్షికకి వరస ఎత్తు అక్షరానికి 1.2 రెట్లు పెట్టాడు. ఇంగ్లీషుకి చాలు. మన ‘రాష్ట్రం’ వేసి చూడండి. ట వత్తు కింద ర వత్తు దిగి, కింది వరసలో గుడి దీర్ఘాన్ని ఢీకొంటుంది. ఎత్తు కొంచెం పెంచితే సరిపోయేదానికి తెలుగు పనికిరాదని తేల్చేశారు. బటను వెడల్పు ‘కాంటాక్ట్’కి సరిపడా బిగించి పెడితే ‘సంప్రదించండి’ బయటికి తోసుకొస్తుంది. పేజీ నెత్తిన భాష ఇంగ్లీషని రాసి ఉంటుంది, దాన్ని తెలుగుగా మార్చాలన్న ధ్యాస ఉండదు. మరి స్క్రీన్ రీడర్ ఆ తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడితే తప్పెవరిది? ఇంకో చిన్న ముక్క. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తరవాత కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి, రెండు అక్షరాలు అతుక్కోకుండా. పెట్టకపోతే వ వత్తు వెళ్ళి ట కింద కూర్చుంటుంది. ఈ ముక్క ఒక్క పూటలో చెప్పొచ్చు. ఏ సిలబస్‌లోనూ నాకు కనపడలేదు.

ఇంత చేసి, పండక్కి మా వాడి కాలేజీ పేజీలో తెలుగు శుభాకాంక్షలు పెట్టాల్సొస్తే ఏం చేశారో చెప్పనా? బొమ్మగా పెట్టారు! మేం గతిలేక డీటీపీ సెంటరు చుట్టూ తిరిగి చేసిన పని వీళ్ళు అన్నీ ఉండి చేస్తున్నారు. పైగా ఆ బొమ్మ 800 కిలోబైట్లు.

ఏఐ గురించి నన్నేం అడక్కండి. అడిగితే కోడు ఇస్తుంది, కలంకారీ గురించి పేరా కూడా ఇస్తుంది. పెడన వెళ్ళి అడిగొచ్చేది మాత్రం అది కాదు.

ఇంకో దిగులు ఉంది. మాకు గురువు వ్యూ సోర్స్. ఎక్కడైనా మంచి పేజీ కనపడితే కుడిబటను నొక్కి లోపలికి చూసేవాళ్ళం. అమెరికాలో ఎవడో రాసింది గుడివాడలో కుర్రాడు చదివి, ఓహో ఇలా చేశాడా అని తెలుసుకునేవాడు. ఇప్పుడు తెరిస్తే కోడంతా ఒకే వరసలో కుక్కి, పేర్లన్నీ ఒంటి అక్షరాలై ఉంటుంది. ఇన్‌స్పెక్ట్ అని ఉంది కదా అన్నాడు మావాడు. ఉంది, నేనూ చూశాను. తెరిచి చూస్తే డివ్‌లో డివ్, దాన్లో డివ్... పదహారో అంతస్తులో ఒక్క మాట.

చివరికి వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ‘నీ పేజీ చదివేదెవరు రా?’

‘ఎవరూ చదవరు తాతయ్యా. అది అసైన్‌మెంటు.’

దానికి నా దగ్గర జవాబు లేక కాదు, ఎక్కడ మొదలెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకుని, రాత్రి కూర్చుని ఒక ప్రశ్నపత్రం రాశాను. మీ ఊళ్ళో జరిగే ఒక పని గురించి, చేసేవాళ్ళని అడిగి తెలుసుకుని, తెలుగులో ఒక పేజీ చేయండి. బొమ్మలతో కలిపి 50 కిలోబైట్లు మించరాదు. స్టైలు మొత్తం తీసేసినా చదవగలిగేలా ఉండాలి. కళ్ళు మూసుకుని విన్నా అర్థం కావాలి. ‘రాష్ట్రం’ అన్న మాట శీర్షికలో రావాలి. పొద్దున్నే మా పాత కాలేజీలో ఇప్పుడు ఆ పేపరు చెప్పే అమ్మాయికి పంపించాను. ఆ అమ్మాయి నా శిష్యురాలే, తప్పులు పట్టే మూడో సీటులో కూర్చునేది. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. ‘చాలా బాగుంది సార్. కానీ దీనికి ఫ్రేమ్‌వర్క్ ఏదీ అక్కర్లేదు కదా, యూనిట్ ఫోర్ మార్కులు ఎక్కడ వెయ్యమంటారు?’